ఎమ్మెల్యే జీవితం రాయాలంటే ముందు ఖాళీ పేజీలు చూడండి

కృష్ణా జిల్లాలో ఇరవై ఆరేళ్లు మండల విలేకరిగా చేసి మానేశాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా మాజీ ఎమ్మెల్యేల పిల్లలు. "బాబాయ్, నాన్నగారి మీద పుస్తకం వేద్దామనుకుంటున్నాం" అంటూ ఒక సంచి నిండా ఫోటోలు, సన్మాన పత్రాలు తెచ్చి అరుగు మీద పెడతారు. సంచి ఉంచుకోమంటాను గానీ ఆ రోజు విప్పను. ముందు ఏడాదికో పేజీ చొప్పున పెద్ద లాంగ్ నోటుబుక్కు ఒకటి కొనుక్కురమ్మంటాను. మీరూ అదే చెయ్యండి. పుట్టిన సంవత్సరంతో మొదలుపెట్టి పేజీకో సంవత్సరం వేసుకోండి. తెలిసింది రాయండి, తెలియనిది ఖాళీగా వదిలేయండి.

ఈ నోటుబుక్కు అలవాటు నాకు ఒకసారి చీవాట్లు తిన్నాక వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎన్నికల ప్రత్యేక పేజీకి గన్నవరం పాత ఎమ్మెల్యేల గురించి చిన్న బాక్స్ ఐటమ్ రాశాను. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారు 1957లో గెలిచారని వేశాను. మర్నాడు టీ కొట్టు దగ్గర ఒక ముసలాయన పేపరు మడిచి పట్టుకుని నిలబడ్డాడు. "ఏం నాయనా, యాభై ఏడులో మనకి ఎన్నికలెక్కడ జరిగినయ్?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

ఆయన చెప్పిందే నిజం. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1955లో దానికి మధ్యంతర ఎన్నికలు జరిగాయి. 1956 నవంబర్ 1న తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్ అయింది. 1957లో శాసనసభ ఎన్నికలు తెలంగాణ ప్రాంతంలోనే పెట్టారు. 1955లో ఆంధ్ర వైపు గెలిచినవాళ్లు 1962 దాకా కొనసాగారు. అంటే ఒకే గెలుపుతో ఏడేళ్లు. మొదట కర్నూలు సభలో, ఆ తర్వాత హైదరాబాదులో. ఆ తరం నాయకుల గురించి రాసేవాళ్లు "అయిదేళ్లకోసారి" అనే లెక్కతో పోతే నాలాగే పప్పులో కాలేస్తారు. 1972 తర్వాత మళ్లీ ఎన్నికలు 1978లో. 1983 అయ్యాక రెండేళ్లకే 1985లో. 2014లో ఉమ్మడి రాష్ట్రంలో ఓట్లు వేశాం, గెలిచినవాళ్లు మాత్రం రెండు వేర్వేరు సభల్లో కూర్చున్నారు. ఈ తేదీలు నోటుబుక్కు అట్ట లోపల రాసిపెట్టుకోండి.

గెలుపోటముల లెక్కలకి ఎన్నికల సంఘం గణాంక నివేదికలు చూడండి, వెబ్‌సైట్‌లో ఉంటాయి. పోటీ చేసినవాళ్లందరి పేర్లు, పార్టీ, ఓట్లు దొరుకుతాయి. అయితే పేర్ల దగ్గర జాగ్రత్త. సుందరయ్య గారి అసలు పేరు సుందరరామిరెడ్డి. కులం తోకని ఆయనే తీసేశారు. రికార్డులో ఇనీషియల్‌తో ఒకలా, పాత పేపర్లలో ఇంకోలా కనిపించే నాయకులు బోలెడుమంది. ఇంగ్లీషు స్పెల్లింగ్ నాలుగు రకాలుగా మార్చి వెతకండి. సాధారణ ఎన్నికల నివేదికలో ఉప ఎన్నిక కనబడదు, దాన్ని విడిగా పట్టుకోవాలి. నియోజకవర్గమే మాయమై ఉండొచ్చు కూడా. మా పక్కనే ఉన్న కంకిపాడు 2009 ఎన్నికల నాటికి లేదు, పెనమలూరు వచ్చింది. ఓడిపోయినవాళ్లకి డిపాజిట్ దక్కిందో లేదో మీరే లెక్క కట్టుకోవచ్చు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి.

ఇక పార్టీ దగ్గర తొందరపడి "ఫిరాయించారు" అని రాసేయకండి. సుందరయ్య గారి పేరు పక్కన 1955లో, 1962లో సి.పి.ఐ. ఉంటుంది, 1978లో సి.పి.ఎం. ఉంటుంది. ఆయన గోడ దూకలేదు. 1964లో పార్టీయే రెండుగా చీలింది.

ఇప్పుడు నోటుబుక్కు తిరగేయండి. నిండిన పేజీల్ని పక్కన పెట్టి ఖాళీ పేజీలే చూడండి, మనిషి దొరికేది అక్కడ. సుందరయ్య గారి గురించి రాయడానికి కూర్చున్నప్పుడు నాకు మూడు చోట్ల ఖాళీలు వచ్చాయి. 1948 నుంచి కొన్నేళ్లు ఎక్కడా లేరు. తెలంగాణ సాయుధ పోరాటం, అజ్ఞాతం. 1964 చివర నుంచి 1966 మే దాకా సభలో ఆయన గొంతు వినబడదు. ఎమ్మెల్యేగా ఉంటూనే జైల్లో ఉన్నారు. 1967 నుంచి 1978 దాకా ఎమ్మెల్యే కారు. 'రాజకీయాలకు దూరంగా ఉన్నారు' అని రాసిన వ్యాసం ఒకటి చదివి నవ్వొచ్చింది. ఆ కాలంలో ఎక్కువ ఏళ్లు ఆయన సి.పి.ఎం. అఖిల భారత ప్రధాన కార్యదర్శి! అంతకుముందు 1952లో రాజ్యసభకి వెళ్లారు. పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్లేవారనేది అందరూ చెప్పుకునేదే కాబట్టి దాని మీద ఒక పేరా కంటే ఎక్కువ ఖర్చు పెట్టకండి. 1978లో అరవై నాలుగేళ్ల వయసులో, అంత పెద్ద పదవి వదిలిపెట్టిన మనిషి మళ్లీ గన్నవరం ఎమ్మెల్యేగా ఎందుకు వచ్చాడు? ఆ ప్రశ్నకి నేను రెండు నెలలు తిరిగాను. మీ నాయకుడి నోటుబుక్కులో కూడా ఇలాంటి పేజీ ఒకటి ఉంటుంది. అది దొరికేదాకా రాయడం మొదలుపెట్టకండి.

సభలో ఏం మాట్లాడారో శాసనసభ చర్చల సంపుటాల్లో ఉంటుంది. పాతవాటిలో ఎవరు ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలోనే అచ్చయి ఉంటాయి. పెద్ద ఉపన్యాసాల కంటే ముందు ప్రశ్నలు చదవండి. ఫలానా ఊరి కాలువకి పూడిక ఎప్పుడు తీస్తారని మంత్రిని అడిగిన రెండు వాక్యాల ప్రశ్నలో ఆ ఎమ్మెల్యే దగ్గరికి ఎవరు వచ్చి మొర పెట్టుకున్నారో తెలిసిపోతుంది. కమ్యూనిస్టు నాయకుల పుస్తకాల కోసం హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడ ఒక పూట కాదు, వారం పెట్టుకోండి.

తర్వాత ఊళ్లు తిరగండి. స్కూలు, వాటర్ ట్యాంకు, కల్వర్టు, ప్రతిదాని మీదా శిలాఫలకం ఉంటుంది. ఫోన్‌తో ఫోటో తీసుకోండి. శంకుస్థాపన రాయి, ప్రారంభోత్సవ రాయి రెండూ వెతకండి. రెండిటికీ మధ్య ఎన్నేళ్లు పట్టిందో నోటుబుక్కులో వెయ్యండి. నేను చూసిన ఒక వంతెనకి మొదటి రాయి మాత్రమే ఉంది, వంతెన లేదు. రాయి మాత్రం చెక్కుచెదరలేదు.

ఆస్తులు, కేసుల అఫిడవిట్లు పాతకాలం వాళ్లకి దొరకవు. సుప్రీంకోర్టు తీర్పుల తర్వాత 2004 ఎన్నికల నుంచి అందరూ ఇవ్వాల్సి వచ్చింది. ఈ తరం నాయకుడైతే వరసగా రెండు మూడు ఎన్నికల అఫిడవిట్లు పక్కపక్కన పెట్టి చదవండి. కేసు ఉంటే సెక్షన్, కోర్టు, ఇప్పుడు ఏ దశలో ఉందో రాయండి. కొట్టేస్తే కొట్టేశారని అదే వాక్యంలో రాయాలి. ఇంట్లోవాళ్లు "అది తీసెయ్యండి బాబాయ్" అంటారు. తీసేస్తే నా పేరు కూడా తీసెయ్యమంటాను.

మనుషుల్ని అడిగేటప్పుడు "ఆయన ఎలాంటివారండీ" అనకండి. "దేవుడండీ" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. డ్రైవర్‌ని దారులు అడగండి, పీఏని ఉత్తరాలు అడగండి. ఇంటావిడని వంటిల్లు అడగండి. ఒక మాజీ ఎమ్మెల్యే గారి భార్యని రోజుకి పాలు ఎన్ని తీసుకునేవారమ్మా అని అడిగాను. "పదవిలో ఉన్నప్పుడు ఆరు లీటర్లు, అయినా పదకొండింటికి మళ్లీ తెప్పించేదాన్ని" అంది. ఓడిపోయిన మర్నాడో? కాసేపు ఆలోచించి, "అర లీటరు. అదీ మిగిలింది" అంది. ఆ పుస్తకంలో ఓటమి అధ్యాయం అంతకంటే పెంచలేదు.

ప్రత్యర్థిగా పోటీ చేసినవాళ్లు బతికుంటే తప్పకుండా కలవండి. తిడతారని భయపడతాం గానీ, వయసు మీద పడ్డాక ఎదుటివాడి కథ వాళ్లకే బాగా గుర్తుంటుంది. అచ్చుకి ఇచ్చేముందు సంవత్సరాలున్న పేజీలన్నీ జిరాక్స్ తీయించి ఆ ప్రత్యర్థి పెద్దాయనకే ఇచ్చిరండి. తప్పులన్నీ ఎర్ర ఇంకుతో దిద్ది పెడతాడు. టీ కూడా ఆయనే ఇప్పిస్తాడు.