కొత్త కంప్యూటర్‌కి మారినా పాత బిజినెస్ సాఫ్ట్‌వేర్ ఆగకుండా ఎలా చూసుకోవాలి?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే మెషీన్ మొదలయ్యేలా చూసే రక్షణ) ఉండాలి, ప్రాసెసర్ కూడా మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్నదై ఉండాలి. పాత మెషీన్లు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి కాబట్టి కంప్యూటర్‌నే మార్చక తప్పడం లేదు. కొనడం ఒక పూట పని. అందులో బిల్లింగ్, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ సరిగ్గా నడిచేసరికి మాత్రం వారాలు గడుస్తాయి. కారణం చాలాసార్లు ఒక్కటే: అసలు చిక్కు పాత హార్డ్‌డిస్క్ తుడిచేశాక బయటపడుతుంది. అందుకే ఏ రకంగానూ సర్దలేని వాటిని ముందు తేల్చుకోవాలి. సెట్టింగ్‌తో పోయేవాటిని తర్వాత చూసుకోవచ్చు.

1. జాబితా రాయండి

పాత కంప్యూటర్ పని చేస్తుండగానే ఒక్కో సాఫ్ట్‌వేర్‌కి పేరు, వెర్షన్, లైసెన్స్ కీ, డేటా ఉన్న చోటు రాయండి. దానికి తగిలించే వస్తువులూ రాయాలి: డాంగిల్ (సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కోసం యూఎస్‌బీకి తగిలించే తాళంలాంటి పరికరం), లేబుల్ ప్రింటర్, బార్‌కోడ్ స్కానర్, తూకం మెషీన్. చిక్కులు ఎక్కువగా వచ్చేది వీటితోనే. ఆ ప్రోగ్రాం 32 బిట్‌దా, 64 బిట్‌దా తెలియాలంటే దాన్ని తెరిచి ఉంచి టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కి వెళ్లి, పైన ఉన్న కాలమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ‘ప్లాట్‌ఫాం’ కాలమ్ తెప్పించండి.

2. దారి లేనివి ముందు తేల్చండి

విండోస్ 11లో 32 బిట్ ఎడిషనే లేదు. 32 బిట్ ప్రోగ్రాములు అందులో మామూలుగానే నడుస్తాయి. 16 బిట్‌వి, డాస్ కాలం నాటివి నేరుగా నడవవు. ప్రోగ్రాం ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీ ట్యాబ్‌లో ఎన్ని టిక్కులు పెట్టినా లాభం లేదు.

డ్రైవర్ల (పరికరాన్ని విండోస్‌తో కలిపి పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్ల) సంగతి ఇంకా కఠినం. ప్రోగ్రాం 32 బిట్‌దైనా పర్వాలేదు కానీ డాంగిల్ డ్రైవర్ తప్పకుండా 64 బిట్‌ది, డిజిటల్ సంతకం ఉన్నది కావాలి. అదీ ఉన్నా ‘మెమరీ ఇంటెగ్రిటీ’ అనే రక్షణ పాత డ్రైవర్‌ని అడ్డుకోవచ్చు. దాన్ని ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, కానీ ముందు కొత్త డ్రైవర్ కోసం వెతకండి. ఆర్మ్ ప్రాసెసర్ ల్యాప్‌టాప్ కొనేముందు మరోసారి ఆలోచించండి: ప్రోగ్రాముల్ని అది ఎమ్యులేషన్‌తో (మామూలు ప్రాసెసర్‌ని అనుకరిస్తూ) నెట్టుకొస్తుంది, డ్రైవర్లు మాత్రం ఆర్మ్ కోసం రాసినవే ఉండాలి.

3. అమ్మిన కంపెనీని సూటిగా అడగండి

‘విండోస్ 11లో పనిచేస్తుందా?’ అంటే ‘చేస్తుంది’ అనేస్తారు. మీ దగ్గరున్న వెర్షన్ నంబర్ చెప్పి, ఆ వెర్షన్‌కే సపోర్ట్ ఇస్తారా, డాంగిల్ డ్రైవర్ ఏ వెర్షన్‌ది వాడాలి, లైసెన్స్ కొత్త మెషీన్‌కి ఎలా మారుతుంది, ఎన్ని రోజులు పడుతుంది అని మెయిల్‌లో అడగండి. జవాబు వచ్చేదాకా మార్పు తేదీ ఖాయం చేయకండి.

4. డేటా నిజంగా ఎక్కడుందో చూడండి

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. పాత 32 బిట్ ప్రోగ్రాములు డేటాని ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డర్‌లోనే రాయాలని చూస్తాయి. విండోస్ అందుకు ఒప్పుకోక, ఆ ఫైళ్లని యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ అనే చోటికి గుట్టుగా మళ్లిస్తుంది. ప్రోగ్రాం ఫోల్డర్ మాత్రమే కాపీ చేసుకుంటే కొత్త కంప్యూటర్‌లో ఎప్పటివో లెక్కలు కనిపిస్తాయి. రెండు చోట్లా ఫైళ్ల తేదీలు పోల్చి చూడండి. వీలైతే ప్రోగ్రాం లోపలి బ్యాకప్ ఆప్షన్‌తోనే బ్యాకప్ తీసి, వేరే మెషీన్‌లో రిస్టోర్ అవుతోందో లేదో చూడండి.

లైసెన్స్ ఆ మెషీన్‌కే ముడిపడి ఉంటే పాతదాంట్లో డీయాక్టివేట్ చేశాకే డిస్క్ తుడవాలి.

5. కొత్త మెషీన్‌ని సిద్ధం చేయండి

ప్రోగ్రాం డాట్ నెట్ 3.5 (కొన్ని ప్రోగ్రాములు నడవడానికి కావలసిన విండోస్ భాగం) అడిగితే విండోస్ ఫీచర్స్‌లో ఆన్ చేయండి. విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ (ఇదీ అలాంటి తోడు సాఫ్ట్‌వేరే) కావాలంటే, 32 బిట్ ప్రోగ్రాంకి 32 బిట్ రన్‌టైమే వేయాలి. విండోస్ 64 బిట్‌ది కదా అని 64 బిట్‌ది వేస్తే ఎర్రర్ పోదు. ప్రోగ్రాంని డేటాబేస్‌తో కలిపే ఓడీబీసీ కనెక్షన్‌దీ ఇదే తీరు. విచిత్రం ఏమిటంటే 32 బిట్ ఓడీబీసీ టూల్ సిస్‌వావ్64 ఫోల్డర్‌లో, 64 బిట్‌ది సిస్టమ్32లో ఉంటాయి.

ఎస్‌క్యూఎల్ సర్వర్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ మధ్యలో ఆగితే డిస్క్ సెక్టార్ (డిస్క్ ఒక్కసారిగా చదివి రాసే ముక్క) సైజు చూడండి. విండోస్ 11లో కొన్ని ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) డిస్కులు 4 కేబీ కన్నా పెద్ద సెక్టార్ చూపిస్తాయి, దాంతో డేటాబేస్ సర్వీస్ మొదలు కాదు. రిజిస్ట్రీలో చేసే సవరణ మైక్రోసాఫ్ట్ సపోర్ట్ పేజీల్లో ఉంది.

షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోకపోతే, విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేరింగ్ డిఫాల్ట్‌గా ఆగిపోయిందని గుర్తుంచుకోండి. ఫోల్డర్ ఉన్న మెషీన్‌లో యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే తెరుచుకునే పోర్టల్ ఉంటే ఎడ్జ్‌లో ఐఈ మోడ్ వాడండి.

ప్రోగ్రాం మొరాయించగానే ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ నొక్కడం అందరికీ అలవాటు. అలా తెరిస్తే మ్యాప్ చేసిన నెట్‌వర్క్ డ్రైవ్ కనిపించకపోవచ్చు, వర్చువల్‌స్టోర్‌లోని డేటా కూడా కనిపించదు. దానికి బదులు ఆ ఒక్క ఫోల్డర్‌కి యూజర్‌కి ‘మోడిఫై’ అనుమతి ఇవ్వండి.

6. రెండింటినీ కొన్నాళ్లు పక్కపక్కనే ఉంచండి

రోజువారీ ఎంట్రీలు సరిగ్గా పడితే చాలదు. నెలాఖరు రిపోర్ట్, ఎక్సెల్‌కి పంపడం, లేబుల్ ప్రింట్, బ్యాకప్ రిస్టోర్ అన్నీ కొత్తదాంట్లో చేసి పాతదాంతో సరిచూడండి. ఒక నెల ముగింపు పూర్తయ్యేదాకా పాత మెషీన్ని తుడవకండి. ఈలోగా ఎంట్రీలు మాత్రం ఒకదాంట్లోనే వేయాలి. రెండింట్లో చెరికొన్ని పడితే వాటిని కలపడం పెద్ద తలనొప్పి.

ఇవేవీ కుదరని పాత ప్రోగ్రాం మిగిలిపోతే, డిస్క్2విహెచ్‌డీ అనే ఉచిత టూల్‌తో పాత డిస్క్ మొత్తాన్ని వర్చువల్ డిస్క్‌గా మార్చి, కొత్త కంప్యూటర్‌లో హైపర్-వీ (కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌లా, అంటే వర్చువల్ మెషీన్‌గా, నడిపే విండోస్ ఫీచర్) కింద నడపొచ్చు. అందుకు విండోస్ ప్రో కావాలి, విండోస్ లైసెన్స్ అలా వాడటానికి వీలిస్తుందో లేదో కూడా చూసుకోవాలి. యూఎస్‌బీ డాంగిల్‌ని హైపర్-వీ నేరుగా లోపలికి ఇవ్వదు, కాబట్టి డాంగిల్ ఉన్న ప్రోగ్రాంకి యూఎస్‌బీ పాస్‌త్రూ (తగిలించిన పరికరాన్ని నేరుగా లోపలికి ఇవ్వడం) ఉన్న వేరే వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ ఎంచుకోండి. పాత విండోస్ నడిచే ఆ వర్చువల్ మెషీన్‌కి ఇంటర్నెట్ ఇవ్వకండి.