డెలివరీ వ్యాను గుద్దితే నష్టపరిహారం: క్యాజువాలిటీ చీటీ నుంచి ట్రిబ్యునల్ అవార్డు దాకా

విజయవాడ రామవరప్పాడు రింగు దగ్గరో, గుంటూరు ఏటుకూరు రోడ్డులోనో డెలివరీ వ్యాను గుద్ది కాలు విరిగిన మనిషిని క్యాజువాలిటీకి తీసుకెళ్లగానే డ్యూటీ డాక్టరు అడిగేది “ఏమైంది?” అని. కంగారులో పక్కనున్నవాళ్లు “బండి మీంచి పడ్డాడండీ” అంటారు. ఆ ముక్కే యాక్సిడెంట్ రిజిస్టరులోకి ఎక్కుతుంది. తర్వాతెప్పుడో మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో బీమా కంపెనీ లాయరు ఆ పేజీ తెప్పించి, వ్యాను తగలనే లేదు, తనంతట తనే జారిపడ్డాడని వాదిస్తాడు. నిజంగా గుద్దించుకున్నవాళ్ల కేసులు కూడా ఇక్కడే బలహీనపడతాయి. అందుకే ఆసుపత్రిలో చెప్పాల్సిన మాట ఒకటే: ఫలానా చోట, ఫలానా టైముకి, ఫలానా నంబరు వ్యాను వెనకనుంచి (లేదా ఎదురుగా) వచ్చి గుద్దింది. నంబరు తెలియకపోతే రంగు, రకం చెప్పండి. మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేసే కేసుగా) నమోదు చేయమని అడగండి. 108లో వెళ్లినా, సొంతంగా ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లినా ఇదే పద్ధతి.

డబ్బు లేదని చికిత్స ఆపొద్దు. 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర నగదు రహిత చికిత్స పథకం కింద, గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, గరిష్ఠంగా లక్షా 50 వేల రూపాయల దాకా ఖర్చు భరిస్తారు.

ఫిర్యాదు ఆ రోజే ఇవ్వాలి. గాయపడినవాళ్లు కదల్లేకపోతే భార్యో, అన్నదమ్ములో రాసివ్వొచ్చు. ఆలస్యమైతే ఎందుకైందో (ఆపరేషన్ జరుగుతోందనో, స్పృహ లేదనో) ఫిర్యాదులోనే రాయండి. తర్వాత చెబితే కల్పించినట్టు కనిపిస్తుంది. ఎఫ్ఐఆర్‌లో మామూలుగా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 281, గాయాన్ని బట్టి 125(ఎ) లేదా 125(బి) పెడతారు. ఎముక విరిగితే అది తీవ్ర గాయమే, కాబట్టి 125(బి) ఉందో లేదో చూసుకోండి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. వాహనం నంబరులో ఒక్క అంకె తప్పు పడినా వెంటనే సరిచేయించండి.

సీసీ కెమెరా ఫుటేజీ మీద కొత్త రికార్డింగ్ ఎక్కి చెరిగిపోతుంది. కాబట్టి ప్రమాద స్థలం చుట్టుపక్కల కెమెరా ఉన్న షాపులు, పెట్రోలు బంకుల పేర్లు రాసి, ఫుటేజీ స్వాధీనం చేసుకోమని ఎస్సై గారికి లిఖితపూర్వకంగా ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం పెట్టించుకోండి. మీరే పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే దానికి అది అసలు రికార్డింగేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. అది లేకుండా కోర్టులో పెడితే అభ్యంతరం తప్పదు.

2022 ఏప్రిల్ నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. దాన్నే క్లెయిము దరఖాస్తుగా తీసుకునే వీలు చట్టంలో ఉంది. అయినా దాని మీదే ఆధారపడి కూర్చోవద్దు. ఎఫ్ఐఆర్, గాయాల సర్టిఫికెట్, సంఘటనా స్థలం పటం, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, ఛార్జిషీటు ఐదూ మీ చేతిలో ఉండాలి.

ఎవరి మీద వేయాలి? వ్యాను ఒంటి మీద పెద్ద అక్షరాల్లో రాసున్న కంపెనీ పేరు చూసి చాలామంది పొరబడతారు. అవి ఎక్కువగా కాంట్రాక్టరు బళ్లు. చట్టం చూసేది ఆర్సీలో ఉన్న పేరునే. రవాణా శాఖ యాప్ ఎం-పరివాహన్‌లో నంబరు కొడితే ఆర్సీ, బీమా వివరాలు వస్తాయి. డ్రైవరు, ఆర్సీ యజమాని, బీమా కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చాలి. పాలసీ ఏ తేదీన, ఏ గంట నుంచి మొదలైందో తప్పకుండా చూడండి. గడువు తీరిన పాలసీని ప్రమాదం జరిగాక కట్టినవాళ్లూ ఉంటారు.

“డ్రైవరుకు ట్రాన్స్‌పోర్టు లైసెన్సు లేదు, మాకు బాధ్యత లేదు” అని కంపెనీ అంటే బెదరక్కర్లేదు. సరుకుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు మించని బండిని ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహన) లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. టాటా ఏస్, బొలేరో పికప్ లాంటివి ఆ లెక్కలోవే. అసలు లైసెన్సే లేకపోయినా, ముందు బాధితుడికి చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు బీమా కంపెనీకి చెబుతుంటాయి.

స్టేషన్లోనో వార్డులోనో యజమాని తరఫువాళ్లు పాతికవేలు చేతిలో పెట్టి, “నాకు ఎలాంటి అభ్యంతరం లేదు” అని రాయించుకోవడం రివాజు. ఖాళీ కాగితం మీద, మీకు చదివి వినిపించని కాగితం మీద సంతకం పెట్టొద్దు. బీమా కంపెనీ తరఫున విచారణకు వచ్చినవాళ్లకూ ఇదే సమాధానం. ఇంకో ఉచ్చు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164. తప్పెవరిదో రుజువు చేయకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇస్తారు. అది ఒప్పుకుని తీసుకుంటే సెక్షన్ 166 కింద (డ్రైవరు తప్పు రుజువు చేసి పూర్తి పరిహారం అడిగే) మీ పెద్ద క్లెయిము పోతుంది. శాశ్వత వైకల్యం వచ్చే గాయమైతే తొందరపడొద్దు.

పిటిషన్ ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వేయాలని సెక్షన్ 166(3) చెబుతోంది. ఛార్జిషీటు రాలేదని ఆగకండి, దాన్ని తర్వాత దాఖలు చేయొచ్చు. ప్రమాదం సూర్యాపేట దగ్గర జరిగినా మీ నివాసం విజయవాడలో ఉంటే ఇక్కడి ట్రిబ్యునల్‌లోనే, గుంటూరులో ఉంటే అక్కడే వేయొచ్చు. కేసుకి ఎంవీఓపీ (మోటారు వాహన ఒరిజినల్ పిటిషన్) నంబరు పడుతుంది. లాయరు ఫీజు వచ్చే పరిహారంలో ఇంత శాతమని మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, కార్మికులు, దివ్యాంగులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. దానికి ఫోన్ 15100.

ఇక అసలు లెక్క. 34 ఏళ్ల తాపీ మేస్త్రి నెలకు 15,000 సంపాదిస్తున్నాడనుకుందాం. సొంతంగా పని చేసుకునేవాళ్లకు 40 ఏళ్లలోపు భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలపాలి, అప్పుడు 21,000. ఏడాదికి 2,52,000. సుప్రీంకోర్టు సరళా వర్మ కేసు (2009) పట్టిక ప్రకారం 31–35 ఏళ్లకు గుణకం (ఏడాది ఆదాయాన్ని హెచ్చించే సంఖ్య) 16. మొత్తం 40,32,000. దీన్ని వైకల్య శాతంతో గుణిస్తారు. మెడికల్ బోర్డు కాలికి 20 శాతం అని రాస్తే 8,06,400. కానీ మేస్త్రి ఇక పరంజా ఎక్కలేడు, బరువెత్తలేడు. సంపాదనకు జరిగిన నష్టం 30 శాతమని కోర్టు నమ్మితే 12,09,600. కాలు అదే, ఎముక అదే, తేడా నాలుగు లక్షల పైచిలుకు. ఈ తేడా రుజువు మీదే ఆధారపడి ఉంటుంది. శరీర వైకల్యం వేరు, సంపాదన నష్టం వేరు అని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో స్పష్టం చేసింది.

అందుకు ఏం కావాలంటే, చికిత్స పూర్తయి ఎముక అతికాక ప్రభుత్వాసుపత్రి మెడికల్ బోర్డు నుంచి వైకల్య సర్టిఫికెట్ (మనవాళ్లు సదరం అంటారు). ముందే తీసుకుంటే తాత్కాలికమని రాస్తారు, లెక్కకు అక్కరకు రాదు. సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పాలి. “ఈ మనిషి తన వృత్తిలో ఏ పని చేయలేడు?” అని ఆయన్ని అడిగించమని మీ లాయరుకు గుర్తుచేయండి. ఆదాయానికి బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పే జమలు, పనిచ్చిన మేస్త్రి లేదా కాంట్రాక్టరు సాక్ష్యం. ఏమీ చూపకపోతే కోర్టు తనకు తోచిన ఆదాయం ఖరారు చేస్తుంది, అది మీ నిజం సంపాదన కంటే తక్కువే కావచ్చు.

దీనికి తోడు వైద్య బిల్లులు, పని పోయిన నెలల కూలి, బాధకు పరిహారం, తోడున్నవాళ్ల ఖర్చు, ఆటో కిరాయిలు, పోషకాహారం. కాలిలో ప్లేటు, స్క్రూలు ఉంటే వాటిని తీయించే ఆపరేషన్ ఖర్చుకు ఆసుపత్రి ఎస్టిమేటు పెట్టండి. దీన్ని మర్చిపోతుంటారు. మందుల బిల్లుల మీద రోగి పేరుండాలి. ఒరిజినల్సూ, ఎక్స్‌రే ఫిల్ములూ ఎవరికీ ఇవ్వకండి.

హెల్మెట్ లేదనో, ముగ్గురెక్కారనో బీమా కంపెనీవాళ్లు పరిహారంలో సగం కోత అడుగుతారు. ఆ కారణం వల్లే ప్రమాదం జరిగిందని, లేదా గాయం పెరిగిందని వాళ్లే చూపాలి.

వ్యాను ఆగకుండా పోయి ఆచూకీ దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు వస్తాయి. దరఖాస్తు రెవెన్యూ అధికారులకు ఇవ్వాలి.

లోక్ అదాలత్‌లో త్వరగా తేలుతుంది, కానీ అక్కడి అవార్డు మీద అప్పీలు లేదు. పైన చెప్పిన లెక్క చేతిలో పెట్టుకుని వెళ్లండి. ట్రిబ్యునల్ తీర్పు తక్కువనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లొచ్చు. వచ్చిన మొత్తంలో కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచమని ట్రిబ్యునల్ ఆదేశించొచ్చు. ప్లేటు తీయించడానికో, పిల్లల ఫీజుకో అది ముందే కావాలంటే ఆసుపత్రి ఎస్టిమేటో, కాలేజీ డిమాండు నోటీసో జతచేసి అదే ట్రిబ్యునల్‌లో విడుదల పిటిషన్ వేయాలి.