రైడింగ్ మోవర్ కదలడం లేదా? హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ మార్చే ముందు ఇవి చూడండి

రైడింగ్ మోవర్ అంటే కూర్చుని నడిపే గడ్డికోత బండి. దాని ఇంజిన్ బాగానే తిరుగుతుంది, బ్లేడ్లు గడ్డి కోస్తాయి, పెడల్ తొక్కితే మాత్రం బండి కదలదు. లేదా మొదటి అరగంట చక్కగా నడిచి, వేడెక్కేసరికి చిన్న మెరక కూడా ఎక్కలేక ఆగిపోతుంది. ఈ రెండూ ఒకే జబ్బు కాదు. అయినా రెండిటికీ ట్రాన్స్‌మిషన్ పోయిందని తేల్చేసి, బోలెడు డబ్బు పోసి కొత్తది బిగించేస్తారు. అరిగిన పాత బెల్టు మాత్రం అలాగే ఉంచేస్తారు. దాంతో కొత్తదీ పాతదానిలాగే నడుస్తుంది.

నూనె ఒత్తిడితో నడిచే ఈ హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ పనిచేసే తీరు తెలిస్తే సగం వెతుకులాట తగ్గుతుంది. ఇంజిన్ నుంచి వచ్చే బెల్టు లోపలి పంపును తిప్పుతుంది. పంపులోని చిన్న పిస్టన్లు స్వాష్ ప్లేట్ అనే ఏటవాలు పళ్లానికి ఆనుకుని తిరుగుతూ నూనెను మోటారులోకి తోస్తాయి. ఆ ఒత్తిడికి మోటారు తిరిగి యాక్సిల్‌ను తిప్పుతుంది. మీరు పెడల్ తొక్కడమంటే ఆ పళ్లెం వాలు మార్చడమే. వాలు లేకపోతే న్యూట్రల్, ఇటు వాలితే ముందుకు, అటు వాలితే వెనక్కి. కాబట్టి బెల్టు, లింకేజీ (పెడల్‌ను ట్రాన్స్‌మిషన్‌కు కలిపే కడ్డీలు), నూనె ఈ మూడూ సరిగ్గా ఉన్నాయని తేలకుండా లోపలి భాగాల మీద నింద వేయకూడదు.

మొదలుపెట్టే ముందు

సాకెట్ సెట్టు, సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగ్ రింగు) తీసే ప్లయర్లు, జాకీ, రెండు స్టాండ్లు, గరాటు, టార్చి చాలు. చదునైన చోట బండి ఆపి, ఇంజిన్ చల్లారాక స్పార్క్ ప్లగ్ వైరు పీకేయండి. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టండి. స్టాండ్లు ఫ్రేమ్ కింద పెట్టాలి. ట్రాన్స్‌మిషన్ కేసు అల్యూమినియంది, బరువు దాని మీద మోపితే పగులుతుంది.

1. చేత్తో నెట్టి చూడండి

బండి వెనక బైపాస్ లివర్ ఉంటుంది; అది తెరిస్తే నూనె మోటారును తప్పించుకుని పోతుంది, మూస్తేనే బండి నడుస్తుంది. దాన్ని నడిపే (మూసిన) స్థానంలో పెట్టి, హ్యాండ్ బ్రేకు తీసి, ఇంజిన్ ఆపి నెట్టండి. గట్టిగా బిగబట్టినట్టు ఉంటే లోపల నూనె పట్టు ఉన్నట్టే. అప్పుడు బెల్టు, లింకేజీ చూడాలి. సైకిల్‌లా సులువుగా దొర్లిపోతే బైపాస్ పూర్తిగా మూసుకోలేదన్నమాట, లేదా చక్రాన్ని యాక్సిల్‌తో కలిపి తిప్పే కీ విరిగిందన్నమాట. లివర్ ఎక్కడుందో చూసి తృప్తిపడకండి. కడ్డీ అవతలి కొసన, ట్రాన్స్‌మిషన్ మీద ఉన్న చిన్న ఆర్మ్ చివరిదాకా తిరిగిందో లేదో టార్చి వేసి చూడండి. కడ్డీ కాస్త వంగినా అది సగంలోనే ఆగిపోతుంది.

2. చక్రం కీ

చక్రాన్ని సర్‌క్లిప్‌తో యాక్సిల్‌కు నిలిపే మోడళ్లలో దీన్ని తప్పక చూడాలి. యాక్సిల్‌కూ హబ్‌కూ మధ్య గాడిలో చిన్న చతురస్రపు ఇనుప ముక్క ఉంటుంది. ఒక పక్క అది తెగినా, జారిపోయినా డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్లు) వల్ల శక్తంతా ఆ పక్కకే పోతుంది, ఆ యాక్సిల్ ఉత్తగా తిరుగుతుంది, రెండో చక్రం కూడా కదలదు. సర్‌క్లిప్, వాషర్లు తీసి చక్రం లాగి చూడండి. గాడి అంచులు పదునుగా ఉండాలి. గుండ్రంగా అరిగి, చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే కీ లోపల ఆడుతోందన్నమాట. కొత్త కీ వేసి, యాక్సిల్‌కు గ్రీజు రాసి బిగించండి. ఇది చూడకుండానే ట్రాన్స్‌మిషన్ దించేవాళ్లున్నారు!

3. బెల్టు

మంచి బెల్టు పైభాగం పుల్లీ అంచుతో దాదాపు సమంగా ఉంటుంది. గాడిలోకి దిగిపోయి అడుగున ఆనుతుంటే పక్క గోడల పట్టు పోయినట్టే. పక్కలు గాజులా మెరుస్తున్నా అంతే. జారే బెల్టు లక్షణాలు అచ్చం అరిగిన పంపులాగే ఉంటాయి: చదును మీద నడుస్తుంది, మెరక మీద నీరసిస్తుంది. బెల్టును బిగువుగా ఉంచే ఐడ్లర్ ఆర్మ్‌ను చేత్తో నెట్టి వదలండి. టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే పివట్ తుప్పుపట్టింది, లేదా స్ప్రింగ్ సాగింది. బెల్టు తయారీదారు పార్టు నంబరుతోనే కొనండి. పొడవులో తేడా వస్తే ఐడ్లర్ దాన్ని పూర్తిగా సరిదిద్దలేకపోవచ్చు.

4. లింకేజీ, బ్రేకు, ఫ్యాను

పెడల్ పూర్తిగా తొక్కించి, ట్రాన్స్‌మిషన్ మీది కంట్రోల్ ఆర్మ్ కూడా చివరిదాకా వెళుతోందా చూడండి. ఒక దిశలోనే బలహీనంగా ఉంటే ముందు ఇక్కడే వెతకాలి. పెడల్ వదిలినా బండి పాకుతుంటే కడ్డీ పొడవు సర్ది న్యూట్రల్ కుదర్చండి. బ్రేకు పట్టేసి ఉందేమో చూడండి. ఇన్‌పుట్ పుల్లీ మీది ఫ్యాను రెక్కలు విరిగితే కొత్తది వేయండి. కేసు చుట్టూ పేరుకున్న గడ్డిని బ్రష్షుతో తీయండి, నీళ్లు కొట్టకండి.

5. నూనె, గాలి తీయడం

పనంతా చెడేది ఇక్కడే. నూనె మార్చిన తర్వాత నేరుగా సీటెక్కి పెడల్ పూర్తిగా తొక్కేస్తారు. నూనె ఒత్తిడికి లొంగదు, గాలి లొంగుతుంది. పంపులో గాలి ఉంటే పిస్టన్లు దాన్ని నొక్కుతూ కూర్చుంటాయి తప్ప మోటారును తిప్పవు. అంతకన్నా ప్రమాదం, నూనె పొర లేని చోట లోహం లోహాన్ని రాసుకుంటుంది. ఆ గీతలు మళ్లీ పూడవు.

నూనె ఏది పోయాలో మాన్యువల్ చూసే పోయండి. హైడ్రో-గేర్ కంపెనీ ట్రాన్స్‌మిషన్ యూనిట్లలో చాలావాటికి 20డబ్ల్యూ-50 ఇంజిన్ ఆయిల్, టఫ్ టార్క్ కంపెనీ కె46 మోడల్‌కు 10డబ్ల్యూ-30. ఆటోమాటిక్ కార్ల ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పోయొద్దు. కె46కు డ్రెయిన్ ప్లగ్ ఉండదు, దించి బోర్లిస్తేనే నూనె కారుతుంది. పాత నూనె పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. అందులో మెరుపు పొడి ఉంటే లోపలి అరుగుదల ముదిరింది. కొత్త నూనె చల్లగా ఉన్నప్పుడే గుర్తు వరకు పోయండి. వేడికి అది వ్యాకోచిస్తుంది, ఎక్కువైతే పైనుంచి పొర్లుతుంది. పోశాక మూత వదులుగా పెట్టి రాత్రంతా వదిలేయండి. ఇలా చేస్తే కొన్ని బుడగలు వాటంతటవే పైకొస్తాయి. తొందరపడి ఈ రాత్రిని మాత్రం దాటేయకండి.

మర్నాడు వెనక చక్రాలు నేలకు రెండంగుళాల ఎత్తులో తిరిగేలా స్టాండ్ల మీద నిలపండి. బండి ఊగకుండా ఉందని నెట్టి చూశాకే ప్లగ్ వైరు తగిలించండి. సీటులో మనిషి లేకపోతే ఇంజిన్ ఆపేసే సీటు స్విచ్చికి వైరు చుట్టి మోసం చేయకండి, సీటులో ఒక మనిషి కూర్చోవాలి. చక్రాల దగ్గర ఎవరూ ఉండకూడదు.

బైపాస్ తెరిచి, ఇంజిన్ తక్కువ వేగంలో ఉంచి, పెడల్‌ను నెమ్మదిగా ముందుకు నొక్కి ఐదు సెకన్లు ఆపండి. అలాగే వెనక్కి. ఇలా ఐదారుసార్లు. చక్రాలు తిరగకపోయినా కంగారుపడొద్దు, బైపాస్ తెరిచి ఉంది కదా. ఇంజిన్ ఆపి, బైపాస్ మూసి, ఇంజిన్ తిరిగి నడిపి, మళ్లీ ఐదారుసార్లు అలాగే చేయండి. ఈసారి చక్రాలు మొదట కుదుపుగా, తర్వాత నున్నగా తిరగాలి. కీచుమనే రొద క్రమంగా తగ్గాలి. ఇంజిన్ ఆపి నూనె మట్టం చూడండి. గాలి పోయిన కొద్దీ మట్టం దిగుతుంది, ఆ మేరకు పోయండి. నూనె మీద నురగ కనిపిస్తే ఆపేసి గంటసేపు తేరనివ్వండి. రొద పోయేదాకా ఈ వరస మొత్తం తిరిగి చేయాలి, ఒక్కసారితో సరిపోవడం అరుదు. ఆఖరున నేల మీదకు దించి, చదునులో నిదానంగా ముందుకూ వెనక్కూ నడపండి.

6. అయినా వేడెక్కితే ఆగిపోతుంటే

ఇవన్నీ చేశాక అరగంట గడ్డి కోసి, ఏటవాలు మీద పరీక్షించండి. చల్లగా ఉన్నప్పుడు ఎక్కిన మెరక వేడిలో ఎక్కలేకపోతే, అప్పుడు మాత్రమే లోపలి అరుగుదల అనండి. వేడికి పలచబడ్డ నూనె, అరిగిన పిస్టన్ల సందుల్లోంచి ఒత్తిడి వదిలేస్తోంది. దీన్ని చిక్కటి నూనె పోసి కప్పిపుచ్చడం నేను ఒప్పుకోను. అరిగిన సందు అలాగే ఉంటుంది, ఇంకా అరుగుతూనే ఉంటుంది. రిపేరు కిట్ దొరికే మోడల్ అయితే పంపు, మోటారు భాగాలు మార్చండి, లేకపోతే యూనిట్ మార్చండి. ఏది చేసినా గాలి తీసే పని మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. ఐదు గంటలు నడిపాక, పూర్తిగా చల్లారనిచ్చి నూనె మట్టం ఇంకోసారి చూడండి. తగ్గి ఉంటే యాక్సిల్ సీళ్ల చుట్టూ వేలితో తడిమి తడి ఉందేమో చూడండి.