డేటాబేస్ నేర్చుకుందాం, 7వ పాఠం: ఒకటిన్నర గంట 1.30 కాదు

పోయిన పాఠంలో వరి కోత మిషన్ల అద్దె రాసుకునే టేబుల్ కట్టాం. ఎంతసేపు నడిచిందో రాసే కాలమ్‌కి టైమ్ రకం పెట్టమన్నాను. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో చేసినవాళ్లు మొత్తం దగ్గర చిక్కుకున్నారు. ఒక చేలో 1:30, పక్క చేలో 1:45 నడిస్తే మొత్తం 27500 అని వచ్చింది. తప్పు మీది కాదు, నేను ముందే చెప్పాల్సింది. కూడిక చేసే సమ్ ఫంక్షన్ వేస్తే అది 1:30:00ని 13000గా, 1:45:00ని 14500గా తీసుకుని కూడేస్తుంది. అరవై నిమిషాలకి గంట అన్న సంగతి అక్కడ లేదు. పైగా ఆ రకం 838 గంటల 59 నిమిషాల 59 సెకన్ల దగ్గర ఆగిపోతుంది. సార్వా, దాళ్వా కోతలు రెండూ కలిపితే ఒక మిషన్ అది దాటొచ్చు.

కాబట్టి కాలమ్ మార్చేద్దాం. 'నిమిషాలు' అని పేరు పెట్టి పూర్ణాంకాల రకం ఇవ్వండి. 90, 105 కూడితే 195. తెరమీద చూపించేటప్పుడు 60తో భాగించండి: భాగఫలం 3, శేషం 15. సెకన్లలో దాచినా తప్పు లేదు, అద్దె లెక్కకి నాకు నిమిషాలే ఇష్టం. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ వాడేవాళ్లకి ఎంతసేపు అన్నది దాచడానికే ఇంటర్వెల్ అని వేరే రకం ఉంది. అయినా నేను అక్కడా పూర్ణాంకమే పెడతాను.

ఇప్పుడు అసలు గొడవ, చుక్క. గంటన్నర నడిచిన మిషన్‌కి చాలామంది ఫారంలో 1.30 అని కొడుతున్నారు. మన నోటి లెక్క ఎప్పుడూ తప్పదు. ఒకటింపావు అంటే గంటా పదిహేను నిమిషాలు, అది 1.25. ఒకటిన్నర 1.5. ఒకటిం ముప్పావు 1.75. చుక్క తర్వాత ఉండేది గంటలో వంతు, నిమిషాలు కావు. గంటకి 3000 రూపాయలనుకోండి. 1.30ని 3000తో గుణిస్తే 3900. రావాల్సింది 4500. ఒక్క చేను దగ్గరే 600 పోయింది, అదీ మిషన్ యజమాని జేబులోంచి.

మిషన్ ఎన్ని గంటలు నడిచిందో చూపించే అవర్ మీటర్ ఇంకో మెలిక పెడుతుంది. దాని చివరి అంకె గంటలో పదో వంతు, అంటే 6 నిమిషాలు. మీటర్ 1.3 కదిలిందని డ్రైవర్ చెబితే అది 78 నిమిషాలు. దాన్ని గంటా ముప్పై అని రాసుకుంటే ఈసారి రైతు 12 నిమిషాల డబ్బు ఎక్కువ కడతాడు. అందుకే ఫారంలో చుక్క పట్టే గడి అసలు పెట్టకండి. గంటలకి ఒక గడి, నిమిషాలకి ఒక గడి. నిమిషాల గడిలో 59 దాటితే ఒప్పుకోవద్దు. మీటర్ రీడింగ్ తీసుకునేవాళ్లు దానికి విడిగా గడి పెట్టి, 60తో గుణించి దాచండి.

మొదలు, ముగింపు వేళలు తెలిస్తే వాటిని తేదీతో సహా దాచండి. మైఎస్‌క్యూఎల్‌లో రెండు వేళల మధ్య తేడా చెప్పే ఫంక్షన్ టైమ్‌స్టాంప్‌డిఫ్, దాన్ని నిమిషాల్లోనే అడగండి. గంటల్లో అడిగితే గంటన్నరకి 1 అనే చెబుతుంది.

అభ్యాసం: వాన టెన్షన్‌తో 14వ తేదీ రాత్రి 9:40కి మొదలైన కోత 15వ తేదీ తెల్లవారుజామున 4:10కి ముగిసింది. మధ్యలో భోజనాలకి 35 నిమిషాలు, డీజిల్‌కి 20 నిమిషాలు ఆగింది. ఆగిన సమయాలకి వేరే టేబుల్ కట్టి, ఒకే క్వెరీతో బిల్లు తీయండి. 335 నిమిషాలు, గంటకి 3000 చొప్పున 16,750 రూపాయలు రావాలి.