స్వయం సమ్మోహనాన్ని అభ్యసించే విధానం

హిప్నాటిజం, అంటే సమ్మోహన విద్య, అనగానే మనవారిలో చాలామందికి వశీకరణం గుర్తుకు వస్తుంది. ఆ మాట వెంటే మందు పెట్టడం, ఎదుటివారి మనసును కట్టివేయడం వంటి భయాలన్నీ వచ్చి చేరతాయి. నిజానికి ఇంగ్లీషు పేరు కూడా ఈ విద్యకు సరిగ్గా కుదిరినది కాదు. మాంచెస్టర్‌లో వైద్యం చేసిన స్కాట్లండ్ శస్త్రవైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ 1841లో ఈ విద్యకు సంబంధించిన ఒక ప్రదర్శన చూసి, తన ఇంట్లోనే ప్రయోగాలు చేసి, గ్రీకు భాషలో నిద్ర అని అర్థమున్న ‘హిప్నోస్’ అనే పదం నుంచి పుట్టిన పేరును ప్రచారంలోకి తెచ్చాడు. కొన్నేళ్లకు ఇది నిద్ర కాదని గ్రహించి, ఒకే తలంపుపై మనసు నిలవడం అనే అర్థం వచ్చేలా ‘మోనోఐడియిజం’ అనే పేరును సూచించాడు కానీ, అప్పటికే పాత పేరు లోకంలో పాతుకుపోయింది. అభ్యాసానికి పూనుకునేవారు ఆ రెండో పేరునే మనసులో ఉంచుకోవాలని నేను గట్టిగా కోరుతున్నాను. సమ్మోహన స్థితిలో మీకు మాటలు వినిపిస్తూనే ఉంటాయి, వద్దనుకుంటే కళ్లు తెరవగలరు.

ముందుగా మీకు కావలసినది ఏమిటో ఒక్కటే నిర్ణయించుకోండి. నిద్ర పట్టకపోవడం, ఇంటర్వ్యూ భయం, గోళ్లు కొరికే అలవాటు అన్నీ ఒకేసారి పెట్టుకుంటే ఏదీ నిలవదు. పదిహేను ఇరవై నిమిషాలు ఎవరూ పిలవని సమయం చూసుకొని, ఫోన్ పక్క గదిలో పెట్టి, వీపుకు ఆనిక ఉన్న కుర్చీలో కూర్చోండి. పడుకొని చేస్తే చాలామందికి నిద్ర పట్టేస్తుంది.

ఎదురుగా గోడపై, కంటి మట్టానికి కాస్త ఎత్తున, ఒక చుక్కను ఎంచుకొని తల ఎత్తకుండా చూపును దానిపై నిలపండి. బ్రెయిడ్ తన శస్త్రచికిత్స కత్తి ఒరను రోగి కళ్లకు పైగా పట్టుకొని చేయించినది ఇదే. ఇందులోని కిటుకును కాస్త నిదానంగా అర్థం చేసుకోవాలి. చూపు పైకి నిలిపినప్పుడు కంటి కండరాలు వాటంతట అవే అలసిపోతాయి. సరిగ్గా ఆ సమయంలో ‘నా రెప్పలు బరువెక్కుతున్నాయి’ అని మీరు అనుకుంటే, ఆ మాట అప్పటికప్పుడే నిజమవుతుంది. ఒక మాట నిజమైనందువల్ల మనసు తర్వాతి మాటను మరింత సులభంగా అంగీకరిస్తుంది. కనుక శరీరంలో జరుగుతున్నదాన్ని గమనించి, దానికి తోడుగా మాట చెప్పాలే తప్ప, జరగనిదాన్ని జరిగినట్టు బలవంతంగా నమ్మించబోకూడదు.

రెప్పలు మూసుకున్నాక, ఊపిరి వదిలిన ప్రతిసారీ పాదాల నుంచి తల వరకు ఒక్కొక్క భాగాన్నీ సడలించండి. దవడను, భుజాలను మరవకండి. ఆపైన కోనేటి మెట్లు దిగుతున్నట్టు ఊహిస్తూ ఇరవై నుంచి ఒకటి వరకు లెక్కపెట్టండి. లెక్క తప్పితే కంగారు పడనక్కరలేదు, గుర్తున్న చోటి నుంచి కొనసాగించండి.

ఇప్పుడు సూచన చెప్పుకోవాలి. తొందరగా విసుగెత్తి మానేసేవారిలో చాలామంది ఇక్కడే పొరబడతారు. ‘నాకు భయం వేయదు’ అనుకుంటే ముందు భయమే తలపుకు వస్తుంది. దానికి బదులు, ‘గదిలోకి అడుగుపెడతాను, కుర్చీలో నిదానంగా కూర్చుంటాను, ఒక ఊపిరి వదిలి నా పేరు స్పష్టంగా చెప్తాను’ అని, ఆ గదినీ ఆ కుర్చీనీ కళ్లకు కట్టినట్టు చూస్తూ చెప్పుకోండి. గ్రాంథికం వద్దు, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పుకోండి. అయిదారుసార్లు చాలు. ఆ తర్వాత ఒకటి నుంచి అయిదు వరకు లెక్కపెట్టి, చేతులు చాచి, కళ్లు తెరవండి. పూర్తిగా తేరుకున్నాకే బండి నడపాలి.

ఈ స్థితికి లోనయ్యే గుణం అందరిలోనూ ఒకేలా ఉండదు. దాన్ని కొలవడానికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వైట్జెన్‌హోఫర్, హిల్గార్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1959లో ఒక కొలమానాన్నే రూపొందించారు. కాబట్టి పక్కవారికి మూడు రోజుల్లో కుదిరినది మీకు మూడు వారాలు పట్టినా మీలో లోపం ఉన్నట్టు కాదు.

మూర్ఛ వ్యాధి ఉన్నవారు, లేని మాటలు వినిపించడం వంటి తీవ్ర మానసిక సమస్యలు ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా దీన్ని చేయకూడదు. కారణం తెలియని నొప్పిని ముందు డాక్టరుకు చూపించాలి. ఎందుకంటే సూచనలతో నొప్పి తగ్గి, వెనకనున్న జబ్బు దాగిపోవచ్చు. మరచిపోయిన సంగతులను, గత జన్మలను బయటకు తీస్తామనేవారి మాట నమ్మవద్దు. ఈ స్థితిలో ఊహ కూడా జ్ఞాపకంలా తోస్తుందనీ, దానిపై నమ్మకం మాత్రం బలంగా ఏర్పడుతుందనీ పరిశోధనల్లో తేలింది. చికిత్స కోసమే వెళ్లదలిస్తే అర్హత ఉన్న సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో ఎంచుకొని, ఎన్ని సిట్టింగులు పడతాయో, ఒక్కో సిట్టింగులో ఏం చేస్తారో ముందే అడిగి తెలుసుకోండి.