లాన్ ట్రాక్టర్ స్టార్ట్ కానని మొరాయిస్తోందా? ముందు దాని చప్పుడు వినండి

అమెరికాలో అర ఎకరం, ఎకరం పెరడున్న మనవాళ్లకు ఏప్రిల్ వచ్చిందంటే ఇదే తంతు. చలికాలమంతా షెడ్డులో ఉన్న లాన్ ట్రాక్టర్ స్టార్ట్ కాదు, గడ్డి మాత్రం మోకాలి దాకా వచ్చేస్తుంది. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్ల నోటీసు వస్తుందేమోనన్న టెన్షన్‌లో చాలామంది వెళ్లి కొత్త బ్యాటరీ కొనేస్తారు. దానితోనూ కాకపోతే సెల్ఫ్ మోటార్ కొంటారు. డబ్బులు తీసేముందు ఒకసారి కీ తిప్పి వినండి. ఎక్కడ వెతకాలో ఆ చప్పుడే చెబుతుంది.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ సింగిల్ సిలిండర్ ఓహెచ్‌వీ (వాల్వులు సిలిండర్ పైభాగంలో ఉండే) ఇంజన్ల గురించి. వేరే ఇంజన్లకూ వెతికే వరస దాదాపు ఇదే. కొలతలు మాత్రం మీ మాన్యువల్‌లో చూసుకోండి.

కీ తిప్పితే ఉలుకూ పలుకూ లేదు

బ్రేక్ పెడల్ పూర్తిగా తొక్కారా? బ్లేడు స్విచ్ ఆఫ్‌లో ఉందా? ఈ రెండిట్లో ఏది తప్పినా సేఫ్టీ స్విచ్‌లు సెల్ఫ్‌కు కరెంట్ పోనివ్వవు. రెండూ సరిగ్గానే ఉంటే ఫ్యూజు చూడండి. షెడ్డులో ఎలుకలుంటే వైర్లు కొరికేశాయేమో కూడా చూడాలి.

టక్‌మని ఆగిపోతోంది

ఇది నిజంగానే బ్యాటరీ పని అయ్యుండొచ్చు. మల్టీమీటర్ పెడితే ఫుల్ ఛార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12.2 కన్నా తక్కువుంటే ఛార్జింగ్ పెట్టండి. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడి గీకేయండి. ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరు బోల్టు విప్పి, తుప్పు తీసి మళ్లీ బిగించండి. దీన్ని ఎవరూ పట్టించుకోరు కానీ గొడవ చాలాసార్లు అక్కడే ఉంటుంది. కారు బ్యాటరీ నుంచి జంపర్ వైర్లు తగిలిస్తే కారు ఇంజన్ ఆఫ్‌లో ఉంచండి.

సగం తిరిగి బిగుసుకుపోతోంది

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఇంజన్ ‘ఊఁ’ అని కొంచెం తిరిగి, గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. చూస్తే అచ్చం బ్యాటరీ చాలనట్టే ఉంటుంది. బ్యాటరీ, వైర్లు బాగున్నాయని తేలాక కూడా ఇలాగే ఉంటే ట్యాపెట్ సెట్టింగ్‌ను, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్ ఆర్మ్‌కూ మధ్య ఉండాల్సిన గ్యాప్‌ను అనుమానించండి.

ఈ ఇంజన్లలో వాల్వులను తెరిచే క్యామ్ మీద చిన్న బొడిపె ఒకటుంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు అది వాల్వును కాస్త ఎత్తి కంప్రెషన్ కొంత వదిలేస్తుంది. అందుకే అంత చిన్న సెల్ఫ్ మోటార్ అంత పెద్ద పిస్టన్‌ను తిప్పగలుగుతుంది. వాడగా వాడగా వాల్వ్ గ్యాప్ పెరిగితే ఆ బొడిపె ఎత్తు చాలదు, వాల్వు తెరుచుకోదు. ఇక పూర్తి కంప్రెషన్ మీద నెట్టలేక సెల్ఫ్ చతికిలబడుతుంది.

సరిచేయడానికి కీ తీసేసి, ప్లగ్ వైరు పక్కన పెట్టి, ప్లగ్ విప్పండి. వాల్వ్ కవర్ బోల్టులు తీయండి. ప్లగ్ రంధ్రంలోంచి సన్నని చెక్కపుల్ల పెట్టి, ఫ్లైవీల్‌ను పైనుంచి చూస్తే గడియారం ముళ్లు తిరిగే వైపు చేత్తో తిప్పండి. రెండు వాల్వులూ మూసుకుని పిస్టన్ పైకి వచ్చాక, ఇంకాస్త తిప్పి 6 మిల్లీమీటర్లు కిందికి దింపండి. అలా దింపకపోతే బొడిపె అడ్డొచ్చి కొలత తప్పు వస్తుంది. ఇప్పుడు ఆ గ్యాప్‌లో ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకు) పెట్టండి. కార్బురేటర్ వైపు ఇన్‌టేక్ వాల్వుకు 0.10 మిల్లీమీటర్లు, సైలెన్సర్ వైపు ఎగ్జాస్ట్ వాల్వుకు 0.15 ఉంటే సరి. లాక్ స్క్రూ వదులు చేసి, ఫీలర్ కాస్త పట్టుగా జారేలా నట్టు తిప్పి, మళ్లీ లాక్ చేయండి. మన ఊళ్లో బైక్ మెకానిక్‌లు చేసే పనే ఇది. గంట పట్టినా సెల్ఫ్ మోటార్ ఖర్చు తప్పుతుంది. కొద్ది రోజుల్లోనే గ్యాప్ మళ్లీ పెరిగితే మాత్రం పుష్‌రాడ్ (క్యామ్ నుంచి రాకర్‌ను నెట్టే కడ్డీ) వంగి ఉండొచ్చు.

ఇంకొక్క మాట. ఆయిల్ డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోల్ వాసన వేసి, ఆయిల్ మట్టం పెరిగి ఉంటే కార్బురేటర్‌లోకి పెట్రోల్‌ను ఆపే నీడిల్ లీకై సిలిండర్ నిండిందన్నమాట. అలాంటప్పుడు కీ పదేపదే తిప్పొద్దు. ప్లగ్ తీసి పెట్రోల్ బయటికి రానిచ్చి, నీడిల్, ఆయిల్ రెండూ మార్చండి.

బాగానే తిరుగుతోంది, అంటుకోవడం లేదు

ముందు అనుమానం పాత పెట్రోల్ మీదే. ఇక్కడి పెట్రోల్‌లో సాధారణంగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది, ట్యాంకులో నెలలు నిల్వ ఉంటే పాడవుతుంది. దాన్ని తీసేసి కొత్తది పోయండి. పంపు దగ్గర చౌకగా కనిపిస్తోందని ఈ15 (15 శాతం ఇథనాల్ ఉన్నది) పోయొద్దు, ఈ ఇంజన్లకు అది పనికిరాదు.

అయినా కాకపోతే కీ ఆన్ చేసి కార్బురేటర్ గిన్నె దగ్గర చెవి పెట్టండి. అక్కడ సోలనాయిడ్ (కరెంటుతో పెట్రోల్ దారి తెరిచేది) ఉన్న మోడల్ అయితే ‘టిక్’ మనాలి. అనలేదంటే పెట్రోల్ లోపలికి వెళ్లడం లేదు. టిక్‌మంటే గిన్నె విప్పి, జెట్ రంధ్రాన్ని కార్బ్ క్లీనర్ కొట్టి, సన్నని రాగి తీగ పోగుతో శుభ్రం చేయండి. ఎయిర్ ఫిల్టర్ తీసి చోక్ పలక పూర్తిగా మూసుకుంటోందో లేదో కూడా చూడండి. కేబుల్ జారిపోతే లివర్ లాగినా పలక కదలదు.

ప్లగ్‌లో కరెంట్ వస్తోందా లేదా అన్నది స్పార్క్ టెస్టర్‌తో చూడటం మేలు. రాకపోతే స్పార్క్ పుట్టించే కాయిల్ నుంచి స్విచ్‌లకు వెళ్లే కిల్ వైరు (ఇంజన్‌ను ఆపే వైరు) ఒక్కటి ఊడదీసి మళ్లీ చూడండి. అప్పుడు స్పార్క్ వచ్చిందంటే కాయిల్ మంచిదే, తప్పు వైరింగ్‌లోనో స్విచ్‌లోనో ఉంది. పరీక్ష అయ్యాక ఆ వైరు తప్పక తగిలించండి, లేకపోతే కీ ఆపినా ఇంజన్ ఆగదు.

స్టార్ట్ అయి కాసేపటికి ఆగిపోతోంది

బ్రేక్ వదలగానే ఆగితే సీటు కింది స్విచ్ చూడండి. పావుగంట నడిచి ఆగితే ట్యాంకు మూత వదులు చేయండి. గాలి బుస్సున లోపలికి పోయి, తర్వాత ఇంజన్ అందుకుంటే మూతకున్న గాలి రంధ్రం పూడిపోయినట్టే. మూత మార్చండి.