యుద్ధ ట్యాంకు నమూనాలో లోపలి గదిని ఎలా తీర్చిదిద్దాలి?

నమూనా ట్యాంకు బయటి భాగంలో జరిగిన పొరపాటును ఎప్పుడైనా సరిదిద్దుకోవచ్చు. లోపలి గదికి ఆ వెసులుబాటు లేదు. పైకప్పు అతికించాక అక్కడికి కుంచె చేరదు. అందువల్ల చేతి నేర్పు కంటే ముందుగా ఈ పనికి కావలసింది వరుస: దేనిని ముందు అతకాలి, దేనికి విడిగా రంగు వేయాలి, దేనిని పూర్తిగా వదిలేయాలి అన్న నిర్ణయాలు కత్తి పట్టుకోకముందే జరిగిపోవాలి.

ఇక్కడ ఉదాహరణగా 35వ వంతు స్కేలులో ఉన్న టీ-55 ట్యాంకును తీసుకుంటున్నాను. 1971 యుద్ధంలో భారత సైన్యం నడిపిన ట్యాంకుల్లో ఇది ఒకటి కావడం, మినీఆర్ట్ సంస్థ దీనిని లోపలి భాగాలతో సహా కిట్‌గా తయారు చేయడం ఈ ఎంపికకు కారణాలు. ఈ స్కేలులో మొదట వచ్చిన కిట్లు మోటారుతో నడిచేవి గనుక వాటి కడుపులో బ్యాటరీకే చోటు ఉండేది. అటువంటి పాత అచ్చుల కిట్టు మీ దగ్గర ఉంటే, ట్యాంకు కింది పెట్టె (హల్) అడుగున ఉన్న మోటారు రంధ్రాలను ప్లాస్టిక్ షీటుతో పూడ్చి, గదిని మీరే నిర్మించుకోవాలి. తొలి ప్రయత్నానికి మాత్రం లోపలి భాగాలు ఉన్న కిట్టునే ఎంచుకోవడం మంచిది.

మొదట హల్‌ను (ట్యాంకు కింది పెట్టెను), పైకప్పును, టరెట్‌ను (ఫిరంగి ఉండే, తిరిగే పైభాగాన్ని) జిగురు లేకుండా మాస్కింగ్ టేపుతో బిగించి, మూతలు తెరిచి, సెల్‌ఫోన్ దీపంతో లోపలికి చూడండి. టీ-55లో డ్రైవరు ముందు భాగంలో ఎడమవైపు కూర్చుంటాడు. అతని కుడిపక్కన ఇంధన ట్యాంకులోనే ఫిరంగి గుళ్లు అమర్చే అర ఉంటుంది. టరెట్‌లో గన్నరు ముందు, అతని వెనుక కమాండరు, ఇద్దరూ ఎడమవైపే ఉంటారు. కుడివైపు స్థలమంతా ఫిరంగిలో గుళ్లు నింపే లోడరుది. మూతల గుండా నిజంగా కంటికి అందేవి మూడే: సీట్ల పైభాగం, ఫిరంగి వెనుక భాగం, టరెట్ లోపలి గోడలు. ఇంజన్ పైపలకను తీసి చూపించే ఉద్దేశం లేకపోతే ఇంజన్ మీద వారాలు గడపవలసిన అవసరం లేదు. కనిపించే ఆ మూడింటి మీదే మీ శ్రమను కుమ్మరించండి.

తరువాతి పని గోడల శుభ్రత. అచ్చు నుంచి ప్లాస్టిక్‌ను బయటికి నెట్టిన పిన్నులు గోడల లోపలివైపు గుండ్రని గుంటలను మిగులుస్తాయి. లేత రంగు వేశాక ఇవి మరింత స్పష్టంగా కనిపిస్తాయి గనుక పుట్టీతో నింపి, ఆరిన తరువాత తడిపి రుద్దే గరుకు కాగితంతో నునుపు చేయాలి. ఏదైనా పెట్టె వెనుకకు వెళ్లిపోయే గుంటను మాత్రం ముట్టుకోనక్కర లేదు.

ఇక కిట్టులో లేని తీగలు, గొట్టాల సంగతి. వీటి కోసం విదేశీ సామగ్రి తెప్పించుకోనవసరం లేదు. మా విశాఖలోని పూర్ణా మార్కెట్ వంటి చోట ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే మామూలు వైరు ముక్కను ఒలిస్తే అందులోని రాగి పోగులే చాలు. 0.3 మిల్లీమీటర్ల పోగు ఈ స్కేలులో సుమారు పది మిల్లీమీటర్ల గొట్టానికి, 0.2 మిల్లీమీటర్ల పోగు ఏడు మిల్లీమీటర్ల తీగకు సమానం. రాగిని గ్యాస్ మంట మీద ఎర్రబడేదాకా కాల్చి చల్లారనిస్తే మెత్తబడి, ఎటు వంచితే అటు వంగి అలాగే నిలుస్తుంది. తీగ గాలిలో వేలాడకూడదు. ప్రతి తీగా ఒక పెట్టెలో మొదలై మరొక పెట్టెలో ముగియాలి, మధ్యలో గోడకు పట్టీలతో బిగించి ఉండాలి. సన్నని టేపు ముక్కలతో ఆ పట్టీలను చేసుకోవచ్చు. చూసేవారు గది నిజమైనదని నమ్మేది తీగల సంఖ్యను బట్టి కాక, అవి ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతున్నాయో అర్థం కావడాన్ని బట్టి అని నా అభిప్రాయం.

ఈ దశలో విశాఖవాసులకు ఒక మంచి సౌకర్యం ఉంది. ఆర్.కె. బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న ఐ.ఎన్.ఎస్. కుర్సురాలోకి ఒకసారి నమూనాకారుడి కళ్లతో వెళ్లండి. అది ట్యాంకు కాదు, నిజమే. కానీ 1969లో మన నౌకాదళంలో చేరిన ఆ జలాంతర్గామి, టీ-55 రెండూ సోవియట్ నిర్మాణాలే, పైగా రెండూ మనుషులు ఇరుకులో పనిచేసిన ఉక్కు గదులే. గొట్టాలు గోడను ఎలా పట్టుకుని సాగుతాయో, వాల్వుల చక్రాలకు వేరే రంగు ఎందుకు అవసరమవుతుందో, గుండ్రని ద్వారాల అంచుల్లో చేయి, భుజం తగిలే చోటు ఎలా ఉంటుందో గమనించి నోటు పుస్తకంలో గీసుకోండి. పది ఫొటోల కంటే ఆ గీత ఎక్కువ నేర్పుతుంది.

రంగు వేసేందుకు గదిని భాగాలుగా విడదీసి ఉంచాలి. గోడలు ఒకటి, నేల ఒకటి, సీట్లు, ఫిరంగి, గుళ్లు వేర్వేరుగా పుల్లలకు గుచ్చి ప్రైమర్ (రంగు పట్టేందుకు వేసే తొలి పూత) వేయండి. చీకటి గదిలో ఉన్న కొద్ది వెలుతురూ చెదరి సిబ్బందికి పని కనిపించాలని ట్యాంకుల లోపల తెల్లటి లేదా లేత రంగులు వేయడం చాలా సైన్యాల్లో ఉన్న పద్ధతి. అయితే సీసాలోని స్వచ్ఛమైన తెలుపును నేరుగా వేస్తే బొమ్మలా ఉంటుంది. అందులో గోధుమ రంగు ఒకటి రెండు చుక్కలు కలపండి. మూతలు తెరిచినప్పుడు శత్రువుకు తెల్లగా మెరవకుండా అమెరికన్ షెర్మన్ వంటి ట్యాంకుల్లో మూత లోపలివైపు కూడా బయటి రంగే వేసేవారు. మీరు చేస్తున్న ట్యాంకు ఫొటోలో ఆ విషయాన్ని తప్పక చూసుకోండి.

మన సముద్రపు గాలిలో తేమ ఈ పనికి పెద్ద చిక్కు. ఒక ఆగస్టులో వాన ముసురు పట్టి ఉండగా నేను టరెట్ గోడలకు ల్యాకర్ వార్నిష్ కొట్టాను. ఆరేసరికి పొగమంచు పట్టినట్టు తెల్లబారి, రెండు వారాల పని తుడిచివేయవలసి వచ్చింది. అప్పటి నుంచి వార్నిష్ పనులను డిసెంబరు, ఫిబ్రవరి మధ్య పొడి మధ్యాహ్నాలకే ఉంచుకుంటున్నాను. వానాకాలంలో తప్పనిసరైతే నీటి ఆక్రిలిక్ వాడి, రంగు చిమ్మే కంప్రెసర్‌కు తేమ పట్టే సీసా బిగించి, పొరకూ పొరకూ మధ్య ఒక రోజు విడవండి. సూపర్ గ్లూ ఆవిరి కూడా పెరిస్కోపు అద్దాలను మసకబారుస్తుంది గనుక పారదర్శక భాగాలను ఫెవికాల్‌తోనే అతకండి.

మెరుపు వార్నిష్ ఆరాక, ముదురు గోధుమ ఆయిల్ పెయింటును వాసన లేని టర్పెంటైన్‌లో బాగా పలుచన చేసి మూలల్లో, బోల్టుల చుట్టూ మాత్రమే వదలండి. అరుగుదల ఎక్కడ ఉండాలో శరీరాన్ని అడగాలి: డ్రైవరు దిగేటప్పుడు బూటు మోపే చోటు, లోడరు చేయి ఆనించే అంచు, గుండు రాసుకునే అర. స్పాంజి ముక్కతో అక్కడ ముదురు మచ్చలు వేసి, వాటి మధ్యలో పెన్సిల్ గ్రాఫైట్ రాస్తే ఉక్కు మెరుపు వస్తుంది. గోడ పైభాగాన్ని ఎవరూ తాకరు, దానిని శుభ్రంగానే వదిలేయండి.

నేల మీది ధూళికి పలుచని గుడ్డలో జల్లించిన మట్టి సరిపోతుంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు రక్షిత స్థలం గనుక అక్కడి మట్టిని ముట్టుకోరాదు. పైగా 1971లో జమ్మూ సరిహద్దులోని ఛంబ్ రంగంలో పోరాడిన ట్యాంకుకు మన ఎర్రమన్ను నప్పదు. నదీ మైదానపు బూడిద, పసుపు కలిసిన ధూళి కావాలి.

చివరగా పైకప్పును మళ్లీ జిగురు లేకుండా పెట్టి, ఫిరంగి వెనుక భాగం నేలకు తగలకుండా పైకీ కిందికీ ఆడుతోందో లేదో చూడండి. రంగు పొరల మందం వల్ల ఇంతకుముందు సరిపోయిన భాగం ఇప్పుడు అడ్డుపడవచ్చు. అతుకు అంచుల్లో రంగును గీకివేస్తే అది కుదురుతుంది. మెత్తని పొడి కుంచెతో లోపలి నలకలు దులిపి, దీపం వేసి మరొకసారి చూసుకున్నాకే ద్రవ జిగురును అంచుల వెంట కొద్దికొద్దిగా పారించండి. టరెట్‌ను మాత్రం అతకవద్దు. ఇంటికి వచ్చిన పిల్లలు లోపల ఏముందని అడిగినప్పుడు దానిని పైకెత్తి చూపించాలి గదా. నమూనాను గాజు పెట్టెలో పెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లం ఒకటి ఉంచి, వానాకాలం ముందు దానిని మార్చండి.